మూడు కంప్యూటర్లకు ఒకే స్పీకర్ల సెట్టు: నాలుగు సాకెట్ల మిక్సర్ పెట్టెను ఆరు నెలలు వాడాక

నల్లగొండలో గడియారం సెంటర్‌కు కూతవేటు దూరంలో మాకు ఫొటో, వీడియో మిక్సింగ్ షాపు ఉంది. పొడుగాటి ఒకే గదిలో మూడు డెస్క్‌టాప్ కంప్యూటర్లు నడుస్తాయి. లోపలి గోడ వైపున్న దానిలో పెళ్లి వీడియోల ఎడిటింగ్, దాని పక్కనున్న దానిలో ఆల్బమ్ డిజైనింగ్ జరుగుతాయి. కౌంటర్ మీదున్న పాతది బిల్లులకు, కస్టమర్లు వాట్సాప్‌లో పంపే ఫొటోలకు, వాయిస్ మెసేజ్‌లకు పనికొస్తుంది. స్పీకర్ల సెట్టు మాత్రం ఒక్కటే. అది లాజిటెక్ జెడ్313. రెండు చిన్న స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ కలిపి 25 వాట్ల ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగల శక్తి. ఈ ఒక్క సెట్టును మూడు కంప్యూటర్లకూ పంచడానికి నేను కొన్న నాలుగు సాకెట్ల మిక్సర్ పెట్టె గురించి, దానికంటే ముందు పడిన తిప్పల గురించి రాస్తున్నాను.

మూడింటికీ మూడు సెట్లు కొనుక్కుంటే సరిపోతుంది కదా అని చాలామంది అడిగారు. కొని చూశాను కూడా. ఆల్బమ్ కంప్యూటర్‌కు తక్కువ ధరలో దొరికే బుల్లి స్పీకర్లు పెడితే నాదస్వరం పిల్లల పీకలా వినిపించింది. పైగా టేబుల్ మీద ప్రింట్లు, ఆల్బమ్ షీట్లు పరచుకోవడానికే చోటు చాలదు. పెళ్లివారు వచ్చి కూర్చున్నప్పుడు వీడియో ఏ కంప్యూటర్‌లో ఉంటే దానిలోనే చూపించాలి. బొమ్మ ఎంత బాగున్నా అప్పగింతల పాట పేలవంగా వినిపిస్తే వాళ్ల ముఖం మారిపోతుంది. అందుకే ఉన్న మంచి సెట్టునే అందరికీ పంచాలనుకున్నాను.

మొదట్లో అవసరమైనప్పుడల్లా స్పీకర్ల పిన్ను ఒక కంప్యూటర్ నుంచి పీకి ఇంకోదానికి పెట్టేవాళ్లం. రోజుకు పది సార్లు టేబుల్ కిందికి దూరితే పిన్ను, సాకెట్ రెండూ వదులవుతాయని ఏడాది తిరగకుండానే తెలిసింది. ఎడిటింగ్ కంప్యూటర్ వెనుక ఆకుపచ్చ సాకెట్‌లో ఎడమ వైపు శబ్దం వస్తూ పోతూ ఉండేది.

ఆ తర్వాత చేసిన తప్పు చాలామంది చేసేదే కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఒక ఫోన్‌కు రెండు ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడానికి అమ్మే వై ఆకారపు కేబుల్ ఒకటి కొని, దాన్ని తిరగేసి, రెండు కంప్యూటర్ల శబ్దాన్ని ఒక స్పీకర్‌లోకి కలిపాను. ఒకచోటి నుంచి వచ్చే శబ్దాన్ని రెండుచోట్లకు పంచడానికి ఆ కేబుల్ సరైనదే. రెండు చోట్ల నుంచి వచ్చేదాన్ని ఒకచోట కలపడానికి మాత్రం పనికిరాదు. మన వైపు రెండు బోర్ల నీళ్లను ఒకే పైపులోకి కలిపే రైతుకు ఇది వేరే చెప్పనక్కరలేదు. మధ్యలో వాల్వు లేకపోతే ఒక మోటారు ఎత్తిన నీళ్లు పొలానికి పోకుండా రెండో బోరులోకే దిగిపోతాయి. కంప్యూటర్ ఆడియో అవుట్‌పుట్ కూడా శబ్దాన్ని బయటికి నెట్టడానికి చేసిందే తప్ప ఇంకోదాని శబ్దాన్ని అడ్డుకోవడానికి చేసింది కాదు. రెండు అవుట్‌పుట్లను నేరుగా కలిపితే ఒకటి పంపే కరెంటు స్పీకర్ దాకా పోకుండా రెండోదానిలోకి పారుతుంది. శబ్దం సగానికి పడిపోవడం, బొంగురుపోవడం నేను విన్నాను. ఎక్కువ కాలం అలాగే ఉంచితే సౌండ్ చిప్‌కు కూడా మంచిది కాదు. నా అదృష్టం బాగుండి రెండు వారాల్లోనే ఆ కేబుల్ తీసేశాను.

రూపాయి ఖర్చు లేని దారి ఒకటుంది. రెండు కంప్యూటర్లే ఉన్నవాళ్లు ముందుగా దాన్నే ప్రయత్నించాలి. రెండో కంప్యూటర్ ఆకుపచ్చ సాకెట్ నుంచి మొదటి కంప్యూటర్ వెనుకనున్న లేత నీలం సాకెట్‌కు, అంటే లైన్ ఇన్‌కు, ఒక ఆక్స్ కేబుల్ (రెండు చివర్లా ఇయర్‌ఫోన్ పిన్నుండే ఆడియో తీగ) వేయాలి. మొదటి కంప్యూటర్‌లో విండోస్ సౌండ్ కంట్రోల్ ప్యానెల్ తెరిచి, రికార్డింగ్ ట్యాబ్‌లో లైన్ ఇన్ ప్రాపర్టీస్‌కు వెళ్లి, లిజన్ ట్యాబ్‌లో ‘లిజన్ టు దిస్ డివైస్’ అన్న గడిలో టిక్కు పెట్టాలి. అంతే, రెండింటి శబ్దమూ మొదటి కంప్యూటర్ స్పీకర్లలో వస్తుంది. గులాబీ రంగు సాకెట్ మైకు కోసం. దానిలో పెడితే శబ్దం పగిలిపోతుంది. మా షాపులో ఈ పద్ధతి మూడు నెలలు నడిచింది. దీనిలో రెండు ఇబ్బందులు కనిపించాయి. ఎడిటింగ్ కంప్యూటర్ ఆన్‌లో లేకపోతే పక్కదానికి గొంతే ఉండదు. రెండోది, శబ్దం ఒక కంప్యూటర్ లోపలికి పోయి తిరిగి బయటికి రావడంలో కాస్త ఆలస్యమవుతుంది. వాయిస్ మెసేజ్ వినడానికి అది అడ్డం కాదు కానీ, పక్క కంప్యూటర్‌లో వీడియో పెడితే పురోహితుడి పెదవులు ముందు కదిలి మంత్రం తర్వాత వినిపించేది. నీలం సాకెట్ ఒక్కటే ఉండటం వల్ల మూడో కంప్యూటర్‌కు దారి కూడా లేదు.

బ్లూటూత్‌లోనూ ఆలస్యం ఇలాంటిదే, ఇంకా ఎక్కువ. శబ్దాన్ని నెట్‌వర్క్ మీదుగా పంపే సాఫ్ట్‌వేర్లు, ఉదాహరణకు వాయిస్‌మీటర్, పెట్టుకోవచ్చు. ఓపిక ఉన్నవాళ్లకు అవి మంచివే. కౌంటర్ మీద కూర్చునే పిల్లవాడికి వాటిని నేర్పించే ఓపిక నాకు లేకపోయింది.

మూఢం వచ్చి ముహూర్తాలు లేని రోజుల్లో ప్రకాశం బజార్ వైపు రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి పోయి నా గోడు చెప్పుకున్నాను. వై కేబుల్ సంగతి విని నవ్వి, “వైర్లు కలిసినంత మాత్రాన శబ్దాలు కలువయి తమ్మీ” అన్నాడు. ఆయన చేసిచ్చిన డబ్బాలో ఉన్నవి ఆరే ఆరు రెసిస్టర్లు. ఒక్కొక్కటి 1 కిలో ఓమ్. గోధుమ, నలుపు, ఎరుపు చారలు. మూడు కంప్యూటర్లకు ఎడమ, కుడి చొప్పున ఆరు తీగలు, ప్రతి తీగకూ మధ్యలో ఒక రెసిస్టర్, ఆ తర్వాతే కలయిక. ఒక కంప్యూటర్ పంపిన కరెంటు ఇంకోదానిలోకి చొరబడకుండా ఆ రెసిస్టర్లు కట్టడి చేస్తాయి. లోపల షీల్డు వైరు, అంటే బయటి హోరు సోకకుండా చుట్టూ లోహపు పొర ఉన్న తీగ, వాడాడు. అల్యూమినియం డబ్బా కావాలని పట్టుబట్టాడు, ప్లాస్టిక్ డబ్బా అయితే చుట్టుపక్కల కరెంటు తీగల హోరును లోపలికి రానిస్తుందట. సాకెట్లు, డబ్బా, కూలి కలిపి 350 రూపాయలు తీసుకున్నాడు. ఈ డబ్బాకు అడాప్టర్ అక్కరలేదు, చెడిపోవడానికి దానిలో ఏమీ లేదు.

దానికీ ఒక పరిమితి ఉంది, అది లెక్కకు అందే పరిమితి. మూడు దారులు సమానంగా కలిసినప్పుడు ఒక్కో కంప్యూటర్ పంపిన శబ్దంలో మూడో వంతు వోల్టేజీ మాత్రమే స్పీకర్‌కు చేరుతుంది, అంటే 9.5 డెసిబెళ్లు తగ్గుతుంది. రెండే కంప్యూటర్లయితే 6, నాలుగయితే 12 డెసిబెళ్లు పోతాయి. పోయినదాన్ని స్పీకర్ నాబ్ తిప్పి తిరిగి తెచ్చుకోవచ్చు. ఇంట్లో వాడుకునేవాళ్లకు అది సమస్యే కాదు. మా షాపు తలుపులు రోడ్డు మీదికి తెరిచి ఉంటాయి. బయట ఆటోల చప్పుడు మధ్య, పదిమంది పెళ్లివారి ముందు, నాబ్ చివరిదాకా తిప్పినా చాలినంత శబ్దం రాలేదు. అప్పుడు ఆన్‌లైన్‌లో కరెంటుతో నడిచే మిక్సర్ పెట్టె కోసం వెతికాను.

ఇక్కడ కొనేవాళ్లకు ఒక జాగ్రత్త. నాలుగు ఇన్‌పుట్ల మిక్సర్ అని వెతకగానే బెహ్రింగర్ మైక్రోమిక్స్ ఎంఎక్స్400 కనిపిస్తుంది. అది సంగీత వాద్యాల కోసం చేసిన వస్తువు. ఇన్‌పుట్లు నాలుగున్నా మోనో, అంటే ఎడమ కుడి తేడా లేనివి; సాకెట్లు 6.35 మిల్లీమీటర్లవి. కంప్యూటర్‌కు కావలసింది స్టీరియో, 3.5 మిల్లీమీటర్ల సాకెట్లు. అదే కంపెనీ హెచ్‌ఏ400 చూడటానికి దాదాపు అలాగే ఉన్నా దాని పని పూర్తిగా తిరగేసినది. ఒక శబ్దాన్ని నాలుగు హెడ్‌ఫోన్లకు పంచుతుంది. బొమ్మ చూసి కొంటే మోసపోయేది మనమే.

నేను తెప్పించుకున్నది పెద్ద కంపెనీ వస్తువు కాదు, అందుకే పేరు రాయడం లేదు. అరచేయంత నల్లటి ఇనుప పెట్టె, వెనుక నాలుగు స్టీరియో ఇన్‌పుట్ సాకెట్లు, ఒక అవుట్‌పుట్, ముందు నాలుగు చిన్న నాబ్‌లు, 12 వోల్టుల అడాప్టర్. ధర 2,400 రూపాయలు. ఆక్స్ కేబుళ్లు ఒక్కటీ ఇవ్వలేదు. మూడు కేబుళ్లకు ఇంకో 600 అయ్యాయి. కౌంటర్ దాకా అయిదు మీటర్ల కేబుల్ వేయవలసి వచ్చింది. లైన్ లెవెల్ శబ్దానికి, అంటే కంప్యూటర్ నుంచి స్పీకర్ల సెట్టుకు పోయే సంకేతానికి, ఆ దూరం ఎక్కువ కాదు కానీ, పల్చటి కేబుల్ కాకుండా షీల్డు ఉన్నదే తీసుకోవాలి.

ఊరుకోలేక నాలుగు స్క్రూలు విప్పి లోపల చూశాను. 4558 అని రాసి ఉన్న ఆప్-ఆంప్ చిప్‌లు, అంటే శబ్దపు సంకేతాన్ని పెంచే చిప్‌లు, వాటి చుట్టూ రెసిస్టర్లు. ఇక్కడ కూడా ప్రతి దారిలో రెసిస్టర్ ఉంటుంది. కాకపోతే అన్ని దారులూ కలిసే చోటును ఆప్-ఆంప్ ఎప్పుడూ కదలకుండా ఒకే వోల్టేజీ దగ్గర పట్టి ఉంచుతుంది. కలిసే చోటే కదలనప్పుడు ఒక కంప్యూటర్ శబ్దం ఇంకోదాని వైపు పోవడానికి కారణమే ఉండదు. తగ్గిన బలాన్ని చిప్ తిరిగి పూరిస్తుంది కనుక రెసిస్టర్ డబ్బాలో పోయిన శబ్దం దీనిలో పోలేదు. బిగించిన మొదటి రోజు పెళ్లి వీడియో పెట్టగానే తేడా వినిపించింది. స్పీకర్ నాబ్ సగంలో ఉండగానే డోలు దెబ్బ గది దాటి బయటికి పోయింది. మూడు కంప్యూటర్లలో ఏది ఆన్ చేసినా, ఏది ఆపినా మిగతావాటి శబ్దం మారలేదు. ఆలస్యం అస్సలు లేదు.

ఆ సంతోషం ఫ్యాన్ ఆపేదాకే నిలిచింది. గది నిశ్శబ్దమయ్యాక స్పీకర్లలో రెండు వేర్వేరు చప్పుళ్లు వినిపించాయి. ఒకటి సన్నని కీచుమనే శబ్దం, ఇంకోటి లావుపాటి హమ్మింగ్. రెండింటి కారణాలూ వేరు, మందులూ వేరు. వాటిని విడదీయడానికి నాకు ఒక ఆదివారం పూర్తిగా పట్టింది.

కీచు శబ్దం పెట్టెతో ఇచ్చిన అడాప్టర్‌ది. మూడు కేబుళ్లూ పీకేసినా అది అలాగే ఉంది. దాన్నిబట్టి కంప్యూటర్ల తప్పు కాదని తేలింది. ఇంట్లో మూలనపడి ఉన్న పాత బరువైన ట్రాన్స్‌ఫార్మర్ రకం 12 వోల్టుల డీసీ అడాప్టర్‌ను, ప్లస్ మైనస్‌లు, పిన్ను సరిపోయాయో లేదో చూసుకుని పెట్టగానే కీచు దాదాపు మాయమైంది. రెండు వేల నాలుగు వందలు తీసుకుని పనికిమాలిన అడాప్టర్ ఇవ్వడం నాకు నచ్చలేదు. అమ్మినవాళ్లకు రాస్తే, పెట్టె పనిచేస్తోంది కనుక మార్చడం కుదరదని జవాబు వచ్చింది.

హమ్మింగ్ కథ వేరు. ఒకే కంప్యూటర్ తగిలించి ఉన్నప్పుడు అది లేదు. రెండోది తగిలించగానే సన్నగా మొదలైంది, కౌంటర్ కంప్యూటర్ తగిలించగానే పెద్దదైంది. ప్రతి కంప్యూటర్ ఇనుప డబ్బా మూడు పిన్నుల ప్లగ్గులోని ఎర్త్ తీగకు కలిసి ఉంటుంది. ఆక్స్ కేబుల్ పై పొర కూడా ఆ డబ్బాలనే ఒకదానితో ఒకటి కలుపుతుంది. అలా గోడలోని ఎర్త్ తీగ, టేబుల్ మీది ఆడియో కేబుల్ కలిసి ఒక చుట్టు ఏర్పడుతుంది. రెండు ప్లగ్గు బోర్డుల ఎర్త్‌ల మధ్య రవ్వంత వోల్టేజీ తేడా ఉన్నా ఆ చుట్టులో కరెంటు తిరుగుతుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కనుక స్పీకర్‌లోనూ అదే 50 హెర్ట్జ్ హోరు, దాని రెట్టింపులతో కలిపి వినిపిస్తుంది.

ఈ మాట అన్నప్పుడు ఒక ఎలక్ట్రీషియన్ వెంటనే ప్లగ్గులోని ఎర్త్ పిన్ను తీసేద్దామన్నాడు. హమ్మింగ్ పోతుంది, నిజమే. దానితోపాటు షాకు కొట్టకుండా కాపాడే ఏర్పాటు కూడా పోతుంది. ఇనుప డబ్బా మీద చెయ్యి వేసి పనిచేసే పిల్లలున్న షాపులో అటువంటి పని చేయకూడదు. దానికి బదులు లోపలి రెండు కంప్యూటర్లకూ స్పీకర్లకూ కరెంటు ఒకే ప్లగ్గు బోర్డు నుంచి వచ్చేటట్లు స్పైక్ బస్టర్లు సర్దాను. లోపలి రెండు కంప్యూటర్ల హమ్మింగ్ దానితోనే పోయింది. కౌంటర్ కంప్యూటర్‌కు అంత దూరం తీగ లాగడం కుదరలేదు. దాని ఆక్స్ కేబుల్ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న గొట్టం పెట్టాను. దానిలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి; శబ్దం అయస్కాంతం ద్వారా దాటుతుంది, తీగ మాత్రం తెగి ఉంటుంది. ధర 280 రూపాయలు. ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు లోతైన బేస్‌ను కొంత మింగేస్తాయి కనుక ఎడిటింగ్ కంప్యూటర్‌కు మాత్రం దాన్ని పెట్టవద్దు. వాయిస్ మెసేజ్‌లు వినే కౌంటర్‌కు ఆ లోటు తెలియనే తెలియదు.

మే నెలలో హమ్మింగ్ మళ్లీ సన్నగా తల ఎత్తింది. రెండు గుట్టల మధ్య రాతి నేల మీదున్న ఊరు మాది. ఎండలు 45 డిగ్రీలకు చేరాయంటే ఎర్తింగ్ గుంత ఎండిపోతుంది. మా బిల్డింగ్ వెనుకనున్న గుంతలో ఉప్పు, బొగ్గు వేసి ఎన్నేళ్లయిందో ఓనరుకే గుర్తులేదు. రెండు రోజులు వరుసగా నాలుగేసి బిందెల నీళ్లు పోయించాక తగ్గింది. ఆడియో పెట్టె కొన్నవాడు గుంతకు నీళ్లు పోయడమేమిటని మా ఓనరు ఇప్పటికీ నవ్వుతాడు.

ఆరు నెలల వాడకంలో పెట్టెలో ఇంకో లోపం బయటపడింది. నాబ్‌లను తక్కువలో ఉంచితే ఎడమ, కుడి శబ్దాలు సమానంగా రావు; పావు వంతు దగ్గర ఎడమ వైపు స్పష్టంగా తగ్గుతుంది. చౌక నాబ్‌లలో ఇది మామూలే. దీనికి విరుగుడుగా నాబ్‌లను సగానికి పైన ఉంచి, తగ్గించవలసింది కంప్యూటర్‌లో తగ్గిస్తున్నాను. అలాగని అన్నీ నూటికి నూరు పెడితే మూడు శబ్దాలూ ఒకేసారి వచ్చినప్పుడు చిప్ తట్టుకోలేక శబ్దం పగులుతుంది. కంప్యూటర్లలో 70 దగ్గర, పెట్టె మీద సగానికి కొంచెం పైన ఉంచితే నాకు సరిపోయింది. మూడో నాబ్ ఈమధ్య తిప్పినప్పుడల్లా గరగరమంటోంది. దుమ్ము కావచ్చు, కాంటాక్ట్ క్లీనర్ కొట్టాలి.

ఇక, ఇది మిక్సర్ అన్న సంగతి కొనేముందే ఆలోచించుకోవాలి. స్విచ్చు పెట్టె అయితే ఎంచుకున్న కంప్యూటర్ ఒక్కటే మాట్లాడుతుంది. మిక్సర్‌లో అన్నీ ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటాయి. దేవరకొండ నుంచి వచ్చిన ఒక కుటుంబం అప్పగింతల భాగం చూస్తూ ఉండగా, పెళ్లికూతురి పెద్దమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్న వేళ, కౌంటర్ కంప్యూటర్ టింగుమని వాట్సాప్ మోత మోగించింది. ఆ వెంటనే యాంటీవైరస్ కూడా ఏదో హెచ్చరించింది. అప్పటి నుంచి కస్టమర్లు కూర్చోగానే మూడో నాబ్ సున్నాకు తిప్పడం మా పిల్లవాడి పని. ఒకేసారి రెండు శబ్దాలు అవసరం లేనివాళ్లు మూడు బటన్ల స్విచ్చు పెట్టె కొనుక్కోవడం మేలు. అది నాలుగైదు వందల్లో దొరుకుతుంది, కరెంటు అక్కరలేదు, అడాప్టర్ కీచు ఉండదు. నాకైతే వీడియో రెండరింగ్ అయిపోయిందన్న మోత ఆల్బమ్ పనిలో ఉండగానే వినిపించాలి, కౌంటర్‌కు వచ్చిన కాల్ కూడా తెలియాలి. అందుకే లోపాలు తెలిసీ మిక్సర్‌నే ఉంచుకున్నాను. మంచి అడాప్టర్ ఇచ్చి ఉంటే అయిదుకు నాలుగు ఇచ్చేవాణ్ణి, ఇప్పుడు మూడు.

పెద్దాయన చేసిన రెసిస్టర్ డబ్బాను పారేయలేదు. ఇంట్లో పిల్లల చదువు కంప్యూటర్‌కు, నా పాత కంప్యూటర్‌కు ఒకే స్పీకర్ల జతను అదే పంచుతోంది. అక్కడ ఆటోల చప్పుడు లేదు కనుక 350 రూపాయల డబ్బాకు ఏ లోటూ కనిపించలేదు.

షాపు పెట్టెలో నాలుగో సాకెట్ మొదటి రెండు నెలలు ఖాళీగానే ఉంది. ఇప్పుడు దానిలో ఒక ఆక్స్ కేబుల్, దాని చివర టైప్-సీ అడాప్టర్ ఎప్పుడూ వేలాడుతుంటాయి. బరాత్‌కు ఏ పాట వేయాలో కస్టమర్లు తమ ఫోన్ తగిలించి వినిపిస్తారు, నేను ఎడిటింగ్ కంప్యూటర్‌లో బొమ్మను ఆ పాటకు జరుపుతూ చూపిస్తాను. పోయిన వారం మిర్యాలగూడ నుంచి వచ్చిన అన్నదమ్ములు గంటసేపు పాటలు మార్చి, చివరికి మొదటి పాటనే ఖాయం చేసుకుని వెళ్లారు.